దిగకూడని జ్వరం

హేమాద్రికి ఒక చిక్కు వచ్చి పడింది. సూరమ్మ వెన్నుపూసలోంచి రెండుసార్లు ముక్క తీసి పట్నం ల్యాబ్‌కి పంపాడు. అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూడమన్నాడు. రెండుసార్లూ ఏమీ మొలవలేదని కబురొచ్చింది.

ముక్క తీయడంలో లోపం లేదు. హేమాద్రి ఎముకల డాక్టరు. చదువులో ముందువరస, పనిలో చెయ్యి తిరిగినవాడు. నరాల మధ్యనుంచి సన్నటి సూదిని వెన్నుపూసలోకి దించి, గోరంత ముక్కని పైకి తేగలడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఎదుటివాళ్లకి తెలియకపోతే తెలిసేదాకా ఊరుకోడు కూడా.

గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమ ఆస్పత్రికి అతను వచ్చి ఏడాది దాటింది. పూర్ణబోధ స్వామి దగ్గర పని నేర్చుకోవాలని వచ్చాడు. స్వామి కాషాయం కట్టకముందు పట్నంలో పేరున్న ఎముకల డాక్టరు. కట్టాక కూడా కత్తి వదల్లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు డాక్టరు స్వామి అంటారు. ఆయనకి మాటలు తక్కువ. దాన్ని కొందరు శిష్యులు జ్ఞానం అనుకునేవారు, కొందరు చెవుడు అనుకునేవారు.

సూరమ్మ వరినాట్ల ముఠాకి పెద్ద. ఆమె గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే ముఠాయే కాదు, పొలం ఆసామి కూడా పంచె సర్దుకుంటాడని చెప్పుకుంటారు. నడుం వంచి చేసే పనికి నడుం నొప్పి రాక మరేం వస్తుందని మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆమే పట్టించుకోలేదు. తర్వాత సాయంత్రం పూట జ్వరం మొదలైంది. ఊళ్లో సూది వేశారు, తగ్గింది. మళ్లీ వచ్చింది. టౌన్లో సెలైన్లు ఎక్కించారు, తగ్గింది. మళ్లీ వచ్చింది. ఒంట్లో షుగరు ఉందని అక్కడే బయటపడింది. చివరికి ఆశ్రమానికి వచ్చేసరికి ఎమ్మారైలో రెండు వెన్నుపూసలు, వాటి మధ్య మెత్తటి బిళ్ల చెదలు పట్టిన కర్రలా కనిపించాయి. పక్కన చీము.

అలాంటి వెన్ను చూస్తే మన దగ్గర ఏ డాక్టరుకైనా ముందు తోచేది టీబీ. హేమాద్రికీ అదే తోచింది. కానీ టీబీ పరీక్షలు కూడా లేదనే చెప్పాయి.

అతను స్వామి దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, ఇంక వెతకడం అనవసరం. టీబీ మందులు మొదలుపెడదాం. వాటితో పాటు పెద్ద యాంటీబయాటిక్‌లు రెండు. లోపల ఏ క్రిమి ఉన్నా ఏదో ఒకదానికి చస్తుంది."

"ఇక్కడికి వచ్చేముందు ఆమెకి ఏమిచ్చారు?"

"యాంటీబయాటిక్‌లే. మూడు నాలుగు రకాలు."

"ఇప్పుడు?"

"అవే నడుస్తున్నాయి. నేనే రాశాను."

స్వామి లేచి వార్డుకి నడిచారు. వెనకాలే హేమాద్రి. స్వామి సూరమ్మ మంచం పక్కన నిలబడి సెలైన్ చక్రం బిగించారు. ఆమె చేతిలో ఉన్న సూది తనే తీసి దూది అదిమి పట్టుకున్నారు. రక్తం ఆగాక సెలైన్ స్టాండు భుజాన వేసుకుని, వార్డు బయట పెట్టి వచ్చారు. నర్సులు చూస్తూ నిలబడ్డారు. అంత పెద్దాయన స్టాండు మోయడం వాళ్లకి వింత.

తిరిగొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, నీ వెన్నులో ఏదో క్రిమి ఉంది. అదేమిటో మాకు తెలియదు. మందు పడుతున్నన్నాళ్లూ అది చావదు, దొరకదు, నక్కి కూర్చుంటుంది. మందులు ఆపేస్తాం. అది మళ్లీ తలెత్తాక ముక్క తీస్తే పట్టుబడొచ్చు. ఈలోపు జ్వరం వస్తుంది. నొప్పి పెరుగుతుంది."

సూరమ్మ అడగవలసింది అడిగింది. "కాళ్ల సంగతేంటండి?"

"చీము నరాల మీదికి వస్తే కాళ్లు చచ్చుబడతాయి. ఆ సూచన కనిపించిన పూటే కోసి చీము తీసేస్తాం. ఒక్క పూట కూడా ఆగం."

ఆమె కాసేపు తన పాదాల వంక చూసుకుంది. పక్కన నిలబడ్డ కోడలు నూకరత్నం ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నాట్లు చేతుల్తో ఏత్తారనుకుంటారండి అందరూ. చేతులదేముంది, ఎవురికైనా ఉంటాయి. పొద్దున్నించి మాపటేల దాకా బురదలో నిలబడాల్సింది కాళ్లండి. ఇంటిల్లిపాదీ ఈటి మీదే తింటన్నాం. సరే కానీండి. కానీ కాళ్లని కనిపెట్టుకుని ఒక మడిసుండాలి."

"ఉంటాడు" అన్నారు స్వామి.

బయటికి వచ్చాక హేమాద్రికి పని చెప్పారు. "పొద్దునా సాయంత్రం ఆమెని కాలి బొటనవేళ్లు పైకెత్తమను. నీ వేలితో కిందికి నొక్కు. నిలబడుతున్నాయో లేదో చూడు. షుగరు చూసుకో. నాడి చెడితే నన్ను పిలువు. జ్వరానికి మామూలు బిళ్ల ఇవ్వు. ఇంకేమీ చెయ్యకు."

"ఇంకేమీ అంటే?"

"ఇంకేమీ."

మొదట్లో బాగానే గడిచింది. సూరమ్మ మంచం మీదనుంచే వార్డుని ఏలింది. ఏ ఆయా ఎక్కడ తుడవలేదో ఆమెకి తెలుసు. హేమాద్రి వేలు నొక్కడానికి వస్తే, "రండి బాబూ, రోజూ నా కాళ్లట్టుకుంటన్నారు, నాకు పున్నెం, మీకు ఆయుస్సు" అనేది.

తర్వాత జ్వరం వచ్చింది. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నం నుంచే. పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించేది. మాటలు తగ్గాయి. ఆయాలు తుడవడం మానేశారు.

హేమాద్రికి కాలు నిలవలేదు. చేదు మందు ఇచ్చే డాక్టరు వార్డులో దర్జాగా నడుస్తాడు. ఏమీ ఇవ్వని డాక్టరుకి గోడవారగా నడవాలనిపిస్తుంది. పక్క మంచం మీద మోకాలు చిప్ప విరిగిన ముసలాయన ఒకడున్నాడు. "ఆశ్రమం గదండీ, ఈళ్లు రోగానికి ఉపాసం పెడతారు. అదే పోద్ది" అని వచ్చేపోయేవాళ్లకి చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. హేమాద్రి వినబడనట్టు పోయేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఒక మధ్యాహ్నం సూరమ్మకి చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోతోంది. స్వామి పక్కూళ్లో రోగుల్ని చూడటానికి వెళ్లారు. నూకరత్నం హేమాద్రికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏటండీ డాట్రుగారూ, చూత్తా నిలబడతారేటి? చూడ్డానికైతే మేం చాలమా? ఇంత చదువూ చదివింది ఏలు నొక్కడానికా అండి?"

వార్డు మొత్తం అతని వంక చూసింది.

హేమాద్రి నాడి చూశాడు. బాగుంది. రక్తపోటు చూశాడు, అదీ బాగుంది. బొటనవేళ్లు నొక్కాడు. రెండూ గట్టిగా నిలబడ్డాయి. ఇప్పుడు మందు వేయవలసిన అవసరం లేదని అతనికి తెలుసు. తెలిసే బీరువా తెరిచాడు. యాంటీబయాటిక్ సీసా ఒకటి తీసి, కలిపి, తన చేత్తోనే నరంలోకి ఎక్కించాడు. ఒక్క మోతాదే కదా అనుకున్నాడు.

సాయంత్రానికి చలి పోయింది. జ్వరం దిగింది. సూరమ్మ పప్పుచారుతో అన్నం తిని, ఇందులో ఉప్పేదీ అని వంటమనిషిని అడిగింది. నూకరత్నం హేమాద్రి కాళ్లకి దణ్ణం పెట్టింది. మోకాలు ముసలాయన, "బాబూ, ఆ సూదేదో నాకూ ఒకటి పొడవండి" అన్నాడు. హేమాద్రి ఆ సాయంత్రం ఏ పనీ లేకుండానే వార్డులో ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగాడు.

మర్నాడు పొద్దున స్వామి పళ్లెం పట్టుకుని వచ్చారు. పళ్లెం మీద శుభ్రమైన గుడ్డ, గుడ్డ కింద ముక్క తీసే సూది, ల్యాబ్ సీసాలు. ఆగవలసినంత కాలం ఆగడం అయింది. తీయవలసిన రోజు ఆ రోజే.

అది ఆ రోజేనని హేమాద్రికి తెలియదు. అడిగి ఉంటే స్వామి చెప్పేవారు. అతను అడగలేదు.

స్వామి సూరమ్మ నుదుటి మీద చెయ్యి వేశారు. నుదురు చల్లగా ఉంది. చెయ్యి అక్కడే కొంచెంసేపు ఉంచారు.

"హాయిగా ఉందండి" అంది సూరమ్మ. "నిన్న డాట్రు బాబు సూదేశారు. ఆయన చెయ్యి చల్లగుండ."

స్వామి చెయ్యి తీశారు. గుడ్డని మళ్లీ పళ్లెం అంచులదాకా సర్దారు.

"ఇవాళ కాదమ్మా. ఇంకొన్నాళ్లు ఆగాలి."

"అదేంటండీ, ఎందుకని?"

స్వామి హేమాద్రి వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఏం చెబుతాడోనని చూసినట్టే ఉంది. హేమాద్రి పళ్లెం వంక చూస్తూ, "ఇంకా టైము పడుతుందమ్మా. అది... అంత తొందరగా తేలదు" అన్నాడు.

స్వామి పళ్లెం తీసుకుని వెళ్లిపోయారు.

హేమాద్రి తిట్లకి సిద్ధపడ్డాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. చలితో ఆమె పడ్డ బాధ, ఇంటివాళ్ల గోల, ఒక్క మోతాదుతో ఏమైపోతుందన్న మాట, అన్నీ వరసలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర స్వామి ఎప్పటిలాగే తన పక్కన చోటు చూపించారు. మజ్జిగ తనే వడ్డించారు. "మాగాయ బాగా ఊరింది, వేసుకో" అన్నారు. హేమాద్రి మాగాయ వేసుకుని తిన్నాడు. ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా స్వామి ఆ ఊసెత్తలేదు. తిట్టేవాళ్లతో తలపడవచ్చు. మాగాయ వడ్డించేవాళ్లతో ఏం చేస్తాం.

మళ్లీ మొదటినుంచి ఆగడం మొదలైంది.

ఈసారి జ్వరం తొందరగా వచ్చింది, ఎక్కువగా వచ్చింది. సూరమ్మ, "బాబూ, ఆ సూది ఇంకోటెయ్యకూడదా?" అని అడిగేది. నూకరత్నం తిట్టడం మాని బతిమాలేది. అది మరీ కష్టంగా ఉండేది. హేమాద్రి బీరువా తాళం తీసుకెళ్లి స్వామి గదిలో పెట్టేశాడు. మోకాలు ముసలాయన ఏమంటున్నాడో అతనిప్పుడు వినడం లేదు. సూరమ్మ మంచం పక్కనే కూర్చునేవాడు. చలి వచ్చినప్పుడు దుప్పటి కప్పేవాడు, తడిగుడ్డ వేసేవాడు. వేళ్లు నొక్కమన్నది రెండు పూటలే. అతను కూర్చున్నప్పుడల్లా నొక్కేవాడు.

ఒక సాయంత్రం ఎడమ బొటనవేలు అతని వేలి కింద ఒరిగిపోయింది.

"ఎత్తమ్మా."

"ఎత్తానండి."

మళ్లీ నొక్కాడు. మళ్లీ ఒరిగింది. కుడివేలు నిలబడింది. ఎడమది నిలబడలేదు.

అతను పరిగెత్తాడు. స్వామి విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. విషయం విని, కలిపిన ముద్ద విస్తట్లో వదిలి లేచారు. చీకటి పడకముందే సూరమ్మ ఆపరేషన్ బల్ల మీద ఉంది. స్వామి కోశారు, హేమాద్రి పక్కన నిలబడ్డాడు. నరాల మీద చీము చిన్న సంచిలా ఉబ్బి ఉంది. స్వామి చీము తీసి, పుచ్చిన ఎముక తీసి, ల్యాబ్ సీసాల్లో వేయించారు. ఆ తర్వాతే, కుట్లు వేశాక, గండం గడిచేదాకా యాంటీబయాటిక్‌లు వేయమన్నారు. కోస్తున్నంతసేపూ ఆయన అన్నవి రెండే మాటలు, "పట్టుకో", "చూడు". హేమాద్రి పట్టుకున్నాడు, చూశాడు. నలిగిన నరం అతని కళ్లముందే ఉంది.

కొన్నాళ్లకి పట్నం ల్యాబ్ డాక్టరు ఫోన్ చేసింది.

"ఈసారి మొలిచిందండీ. కానీ వ్యాధి క్రిమిలా లేదు. మట్టిలో, మురికినీళ్లలో ఉండే జాతిలా ఉంది. ముక్క తీసేటప్పుడు బయటి మురికి తగిలినట్టుంది. పారేసి, కలుషితం అని రాసేయమంటారా?"

"పారేయకండి" అన్నాడు హేమాద్రి. "ఆవిడ పని చేసేదే బురదలోనండీ. అదేమిటో చివరిదాకా చూడండి."

"టైము పడుతుంది మరి."

"పట్టనివ్వండి."

చివరిదాకా చూశారు. ఆ క్రిమి తెచ్చే జబ్బు పేరు మెలియాయిడోసిస్. ఆ క్రిమి తడిమట్టిలో, వరిమడుల బురదలో బతుకుతుంది. కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. షుగరున్న ఒంట్లో దానికి చోటు సులువుగా దొరుకుతుంది. ఎక్కువగా ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది, వెన్నులోకి వెళ్లడం అరుదు. వెళ్లినా చూడ్డానికి టీబీలాగే ఉంటుంది. టీబీ మందులకి మాత్రం లొంగదు. హేమాద్రి మొదట అడిగినట్టు చేసి ఉంటే, నెలల తరబడి ఆ మందులు మింగుతూనే సూరమ్మ మంచాన పడేది.

దానికి పనిచేసే మందు వేరే ఉంది. వారాల తరబడి నరంలోకి ఎక్కించారు. జ్వరం దిగింది. ఈసారి మళ్లీ రాలేదు. సూరమ్మ లేచి కూర్చుంది, నిలబడింది, గోడ పట్టుకుని నడిచింది, గోడ వదిలి నడిచింది. వార్డు మళ్లీ శుభ్రంగా ఉండసాగింది.

ఎడమ పాదం మాత్రం పూర్తిగా లేవలేదు. నడిచేటప్పుడు ముందుభాగం నేలకి కాస్త ఈడుస్తుంది. ఎప్పటికైనా బాగవుతుందా అంటే స్వామి, "గట్టు మీద నడుస్తుంది. బురదలో కష్టం" అన్నారు.

ఇంటికి వెళ్లే రోజు వచ్చింది. ఇంకా నెలల తరబడి వేసుకోవలసిన బిళ్లల సంచీ నూకరత్నం చంకలో ఉంది. సూరమ్మ స్వామి కాళ్లకి దణ్ణం పెట్టి, ఒక అరటిపళ్ల అత్తం ఆయన ముందు పెట్టింది. తర్వాత హేమాద్రి దగ్గరికి వచ్చి అతని కుడిచెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఈ చెయ్యేనండి" అంది, వార్డు అంతటికీ వినబడేలా. "ఎవురేం చేసినా, నా పేణం నిలబెట్టింది ఆయేల ఈయనేసిన సూదేనండి. అది లేకపోతే ఆ పూటే పోదును. కాలంటారా, నా రాత. దానికెవురేం చేత్తారు."

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. మోకాలు ముసలాయన తలాడించాడు. స్వామి వసారాలో కూర్చుని అరటిపండు ఒకటి తుంచుకుంటున్నారు.

హేమాద్రి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"అమ్మా, అది రాత కాదు."

"ఏటి బాబూ?"

"ఆ సూది వేయకూడదు. స్వామి ఏమీ వేయొద్దన్నారు. మర్నాడు పొద్దున ముక్క తీయవలసింది. ఆ సూదివల్ల తీయడానికి వీల్లేకపోయింది. మళ్లీ మొదటినుంచి ఆగాం. ఆ ఆగినప్పుడే మీ వేలు పడిపోయింది. ఆ రోజే ముక్క తీసి ఉంటే, ముందే పేరు తెలిసి మందు పడి ఉండేది. మీ పాదం బహుశా ఇలా ఈడ్చేది కాదు."

సూరమ్మ చెయ్యి వదిలింది. వంగి తన ఎడమ పాదం చూసుకుంది. ఒకసారి ఎత్తడానికి ప్రయత్నించింది. మడమ లేచింది, వేళ్లు లేవలేదు.

"మరి తెలిసే ఏశారా?"

"తెలిసే వేశాను."

"నన్ను చూడలేకేనా బాబూ?"

హేమాద్రి అవునని ఉంటే సరిపోయేది. ఆమె ఆ మాట అతని చేతికి అందించింది కూడా.

"కాదమ్మా. అందరూ నన్ను చూస్తున్నారని."

సూరమ్మ అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. కోడలి భుజం మీద చెయ్యి వేసి, పాదం ఈడుస్తూ మెట్లు దిగి ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా ఇటు చూడలేదు.

హేమాద్రి వసారాలోకి వచ్చి స్వామి ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఏడుపు దాచుకోలేదు. ఏడుపు తగ్గాక అడిగాడు.

"ఆ రోజే మీకు తెలుసు కదా స్వామీ. నన్ను ఒక్క మాట అనలేదేం?"

స్వామి పండు ఒలిచి సగం అతనికి ఇచ్చారు.

"తిట్టి ఉంటే నీకు ఆ సాయంత్రానికే తగ్గిపోయేది."